ఎడమ పక్కన రాసిన బావి

దయ్యం మాట ఎత్తితే నాకు భయం కాదు, చిరాకు వచ్చేది. మా మేనత్తకు పూనకం వస్తే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు, నేను పక్కగదిలో కూర్చుని లెక్కలు చేసుకునేవాడిని. ఇప్పటికీ నా ఇంటి గుమ్మానికి నిమ్మకాయ కట్టనివ్వను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ముసలాయనకు మతి చలించిందని అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోండి. నేను చూసింది చూసినట్టు రాస్తాను.

ఈ మధ్య మా తమ్ముడి కొడుకు వచ్చాడు. భూములు కొలిచే పని అతనిది. జీపీఎస్ పరికరం పట్టుకుని పొలాలన్నీ తిరిగి వచ్చి, సాయంత్రం ఆ ఫైలును కంప్యూటరులో తెరిస్తే చుక్కలన్నీ వాటంతట అవే ఎక్కడివక్కడ పడిపోతున్నాయి. ముచ్చటేసింది. "పెద్దనాయినా, మీ కాలంల గిదంత ఎట్ల చేసేటోళ్లు?" అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. నాకు నిద్ర వస్తోందేమో అనుకుని అతను లేచిపోయాడు.

అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడి నా చదువు ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ ఏడాది ఎవరో నా జేబులోంచి కొట్టేశారన్నంత కసి నాకు చాలాకాలం ఉండేది. అందుకే జనగామలో ఒక కాలువ సర్వే క్యాంపు ఆఫీసులో ట్రేసరు పని దొరకగానే దాన్ని పళ్లతో పట్టుకున్నాను. పర్మినెంటు కాదు. ఏ రోజు పనికి ఆ రోజు హాజరు. ఏ రోజైనా రేపటి నుంచి రావద్దు అనవచ్చు.

నా పని ఏమిటంటే, పొలాల నుంచి వచ్చిన ఫీల్డు బుక్కులు తెరిచి, వాటిలో ఉన్న కొలతలు చూసి నక్షా గీయడం. ఈ పుస్తకం సంగతి కొంచెం చెప్పాలి. పేజీ మధ్యలో నిలువుగా రెండు ఎర్ర గీతలు ఉంటాయి. కొలిచేవాడు గొలుసు పట్టుకుని నడుస్తూ, ఎంత దూరం నడిచాడో ఆ రెండు గీతల మధ్య రాస్తాడు. నడుస్తుంటే తన ఎడమ చేతి వైపు ఏముందో ఎడమ పక్క, కుడి చేతి వైపు ఏముందో కుడి పక్క రాస్తాడు. పేజీని కింది నుంచి పైకి రాసుకుంటూ పోతాడు, ఎందుకంటే అతను ముందుకు పోతున్నాడు.

గీసేవాడు మరిచిపోకూడనిది ఒకటే. కొలిచినవాడు ఏ దిక్కుకు నడిచాడో చూసుకుని, పుస్తకాన్ని ఆ దిక్కుకు తిప్పి పెట్టుకోవాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచి ఉంటే పుస్తకాన్ని తలకిందులుగా పెట్టుకుని గీయాలి. అతను మనకు ఎదురుగా వస్తున్నట్టు లెక్క. ఎదురుగా వచ్చేవాడి ఎడమ చెయ్యి మనకు కుడివైపు కదా. తిప్పకుండా గీస్తే తూర్పున ఉన్నవన్నీ పడమటికి పోతాయి.

మా క్యాంపులో సర్వేయరు యాకూబ్ సాబ్. మానుకోట మనిషి. నిజాం కాలంలో పని నేర్చుకున్నాడు. ఆయన పుస్తకంలో కొట్టివేత ఉండేది కాదు. బావి అంటే గుండ్రని సున్నా, లోపల చుక్క. ఇల్లంటే చిన్న చదరం. ఆయన పుస్తకం నా బల్ల మీద పెట్టినప్పుడల్లా ఒకే మాట అనేవాడు. "తిప్పుడు మర్వకు బేటా." నాకు ఒళ్లు మండేది. చదువుకున్నవాడికి రోజూ అదేం చెప్పడమని.

ఆ వేసవిలో దేవరుప్పుల దగ్గర ఒక పల్లె నుంచి పుస్తకం వచ్చింది. పిల్లకాలువ కోసం కొలిచిన గీత. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచాడు యాకూబ్ సాబ్. ఎడమ పక్క, అంటే తూర్పున, ఒక బావి, ఒక ఇల్లు, కొంత మెట్ట చెలక. కుడి పక్క, అంటే పడమర, పరుపుబండ, బీడు. ఇంకేమీ లేవు. ఆయన అప్పుడు రఘునాథపల్లి వైపు వేరే గీత కొలుస్తున్నాడు, కాబట్టి పుస్తకాన్ని మనిషితో పంపించాడు. తిప్పమని చెప్పేవాడు ఆ రోజు ఎదురుగా లేడు.

నేను తిప్పలేదు. ఎందుకు తిప్పలేదంటే చెప్పడానికి కారణం లేదు. ఎండగా ఉంది, ఇంటికి త్వరగా పోవాలని ఉంది. బావిని, ఇంటిని పడమట పెట్టి, బండను తూర్పున పెట్టి శుభ్రంగా సిరాతో గీసేశాను. గీత మీద నాకు మంచి పేరు ఉండేది. ఆ నక్షా కూడా చూడడానికి బాగుంది.

ఇంజనీరు గారు దాన్ని చూసి, ఎవరి కొంపా కూలకూడదని, కాలువను నక్షాలో బండ ఉన్న తూర్పు వైపుకు జరిపారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. నక్షా మీద అక్కడ బీడే ఉంది. సంతకం పెట్టారు, పైకి పోయింది, మంజూరై వచ్చింది.

కాలువ కోసం మేకులు పాతడానికి పోయిన మనుషులకు అక్కడ బీడు కనిపించలేదు. పెంకుటిల్లు, పాత బావి, పందిరి మీద బీరతీగ కనిపించాయి. ఆ ఇల్లు కొమురమ్మది. యాభై దాటిన మనిషి, పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆ బావి నీళ్లతో కూరగాయలు పండించి అంగట్లో అమ్ముకుని బతుకుతుంది. మేకులు ఆమె వంటింటి గోడకు ఇటొకటి అటొకటి పడ్డాయి.

ఆమె జనగామకు వచ్చింది. వస్తూ ఒక చెంబులో తన బావి నీళ్లు తెచ్చింది. వరండాలో కూర్చుని, వచ్చిన వాళ్లందరినీ ఆ నీళ్లు తాగి చూడమని అడిగేది.

"తాగి చూడుండ్రి సారూ. కొత్త బాయి నీళ్లు గిట్లుంటయా? మా ఆయన తవ్విండు. మా పెండ్లయిన రెండో ఏడు తవ్విండు."

ఆమె ఎందుకు అలా అంటోందంటే, నక్షాలో అక్కడ బావి లేదు కాబట్టి, కొలతలు అయిపోయాక నష్టపరిహారం కోసం ఆమె కొత్తగా తవ్వించిందని ఆఫీసులో నిర్ణయించేశారు. పడమట ఉన్న పాత బావి పూడ్చేసి, తూర్పున కొత్తది తవ్వి, ఇల్లు కూడా అటే కట్టుకుందట. పరుపుబండ మీద బావి ఎలా ఉంటుంది, దాన్ని ఎలా పూడుస్తారు అని ఒక్కరూ అడగలేదు. అటు పోయి చూసినవాడూ లేడు. కాగితం మీద ఉంటే ఉన్నట్టే.

ఇంజనీరు గారు ఆ చెంబు ముట్టలేదు. గుమాస్తా ముట్టలేదు. నేను తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. మంచి నీళ్లే అవ్వా అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. తన పక్షాన ఒకడు దొరికాడనుకుంది.

నాలుగో రోజు ఇంజనీరు గారికి విసుగొచ్చింది. ఆయన కోస్తా మనిషి, చెడ్డవాడు కాదు, ఓపిక లేనివాడు.

"ఏమయ్యా రాజయ్యా, ఆ పుస్తకం ఓసారి తీసి చూడు. బావి ఎటుందో చెప్పు. ఈవిడ గోల పడలేకపోతున్నాను" అన్నాడు.

పుస్తకం తెరిచాను. పట్టపగలు పదకొండు గంటలు, కిటికీ పక్క బల్ల. పేజీ అడుగున 'ఉత్తరం నుంచి' అని యాకూబ్ సాబ్ రాసిన రాత. సున్నా, లోపల చుక్క, ఎర్ర గీతలకు ఎడమ పక్కన. దాని పైన చదరం, అదీ ఎడమ పక్కనే. పుస్తకాన్ని తిప్పి చూశాను, మళ్లీ తిప్పి చూశాను. తప్పు నాదే. ఆమె చెప్పేదంతా నిజం.

చేతిలో పెన్సిలు ఉంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ సున్నా పక్కన చిన్న బాణం గుర్తు పెట్టాను. దిద్దాల్సిన చోట మేం పెట్టుకునే గుర్తు అది. ఈ బాణం సంగతి గుర్తుంచుకోండి, నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

ఆ నెలలోనే పర్మినెంటు చేయవలసిన వాళ్ల పేర్లు పైకి పోతున్నాయి. నా పేరు ఉంది. మంజూరైన నక్షా తప్పని తేలితే నా పేరు ఉండదు. నేనూ ఉండను. పుస్తకాన్ని ఛాతీకి ఆనించుకుని నిలబడి, ఇది ఇలా కాకుండా ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. మొక్కుకోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. బస్సు తప్పిపోయినవాడు అనుకున్నట్టు అనుకున్నాను, అంతే. ఆ తర్వాత లోపలికి పోయి, "నక్షా సరిగ్గానే ఉంది సార్, బావి పడమటే" అని చెప్పాను.

పుస్తకాన్ని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ గదిలోని పెట్టెల తాళంచెవులు నా దగ్గరే ఉండేవి. ఆ ఒక్క తాళంచెవి మాత్రం గుత్తిలోంచి తీసి మొలతాడుకు కట్టుకున్నాను. పెట్టెకు రెండో తాళంచెవి లేదు.

ఇల్లు కూల్చే రోజు నక్షా పట్టుకుని నేనూ పోవాల్సి వచ్చింది. పొద్దున తొమ్మిదికల్లా గునపాలు పడ్డాయి. కొమురమ్మ ఏడవలేదు, తిట్టలేదు. సామాను బీరపందిరి కింద పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అండ్ల నా బాయి యాడున్నది, చూపియ్యి బిడ్డా."

నక్షా విప్పి, పడమట నేను గీసిన సున్నా మీద వేలు పెట్టాను. ఆమెకు నక్షా తెలియదు. నా వేలు చూసి, అది ఎటు అని అడిగింది. పడమటి వైపు చెయ్యి చూపించాను. ఆమె అటు తిరిగి బండను చాలాసేపు చూసింది.

గుత్తేదారు మనిషి ఒకడు బొక్కెన ఆమె కాళ్ల దగ్గరికి విసిరేశాడు. "పో అవ్వా, పోయి చేదుకో నీళ్లు" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంజనీరు గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వుతుంటే నేను ఒక్కడినే నవ్వకుండా ఉండడం బాగుండదని నవ్వాను. కొమురమ్మ బొక్కెన తీసుకుంది. నిజంగానే ఆ బండ వైపు నడిచింది. ఆ ఎండలో అక్కడ నిలబడి కిందికి చూసింది. మధ్యాహ్నానికి బావిని ఆమె ఇంటి గోడల రాళ్లతోనే నింపేశారు. బీడు భూమికి ఇచ్చే పరిహారం ఇచ్చి, వేలిముద్ర తీసుకున్నారు.

నేను పర్మినెంటు అయ్యాను. మా వాళ్లు మిఠాయి పంచారు.

సంవత్సరం దాటింది. కాలువ తవ్వారు, నీళ్లు రాలేదు. ఎక్కడో పైన పని ఆగిపోయిందట. ఆ ఎండు కాలువలో మేకలు పడుకునేవి. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. పీడకలలు, నీడలు లాంటివేమీ లేవు. నా మీద నాకే అసహ్యం, అంతే. దానికి మంత్రగాడు అక్కర్లేదు.

అప్పటికి పాత ఇంజనీరు గారు బదిలీ మీద పోయారు. కొత్తగా వచ్చినాయన మెత్తని మనిషి. ఒకరోజు ధైర్యం చేసి ఆయనకు మొత్తం చెప్పేశాను.

"నీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. పుస్తకంలో బావి తూర్పున ఉంటే ఆమెకు ఇల్లూ బావీ కట్టించి ఇవ్వాల్సిందే. నేనే రాస్తాను. ఆ సర్వేయరును కూడా పిలిపించు" అన్నాడు.

యాకూబ్ సాబ్ రిటైరై మానుకోటలో ఉంటున్నాడు. నేనే అక్కడికి పోయి చెబితే, విని ఆయన ముఖం నల్లబడింది. నన్ను కొడతాడనుకున్నాను.

"ఆమె ఇల్లు కూలగొట్టిండ్రా? నేను గా బాయి కాడ అన్నం తిన్న. గా అవ్వ నాకు బీరకాయలు కట్టిచ్చింది. ఎడమ పక్కకే రాసిన. ఖుదాకీ కసం, ఎడమ పక్కకే" అన్నాడు.

మర్నాడే ఇద్దరం రైలెక్కి జనగామ వచ్చాం.

ఆఫీసులో పదిన్నర అయింది. ఇంజనీరు గారు, గుమాస్తా, యాకూబ్ సాబ్ చూస్తుండగా మొలతాడు నుంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచాను. తాళం తుప్పు పట్టి కష్టంగా వచ్చింది. పుస్తకం నేను పెట్టిన చోటే, పెట్టినట్టే ఉంది. పైన దుమ్ము. పేజీ తెరిచి, చూడకుండానే ఇంజనీరు గారి ముందు పెట్టి, ఎడమ పక్కన వేలు పెట్టాను.

"ఇక్కడేమీ లేదు కదయ్యా" అన్నాడాయన.

వంగి చూశాను. నా వేలి కింద ఖాళీ కాగితం. సున్నా, లోపల చుక్క, ఎర్ర గీతలకు కుడి పక్కన ఉన్నాయి. చదరం కుడి పక్కనే ఉంది. బండ అని రాసింది ఎడమ పక్కకు వచ్చింది. 'ఉత్తరం నుంచి' అన్న రాత మాత్రం అడుగున అలాగే ఉంది. అంటే పుస్తకం ప్రకారం బావి పడమటే. నేను తప్పుగా గీసిన నక్షా ఇప్పుడు తప్పు కాదు.

నా బాణం గుర్తు కూడా కుడి పక్కనే ఉంది. నా పెన్సిలు, నా చెయ్యి, ఆ సున్నాకు ఆనుకుని.

ఎవరో పేజీ మార్చారనుకున్నాను. ముందు అందరూ అనుకునేది అదే. అచ్చు వేసిన పేజీ నంబర్లు వరసగా ఉన్నాయి. కుట్టు తెగలేదు. ఆ పేజీ మూలన యాకూబ్ సాబ్ బొటనవేలి సిరా మరక ఉండేది, ఎడమ కింది మూలన. అది అక్కడే ఉంది, జరగలేదు. ఎడమ పక్క ఖాళీ చోట గీరిన జాడ లేదు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాం. యాకూబ్ సాబ్ పాళీ అదిమి రాస్తాడు, ఆయన అంకెలు వెనక వైపు వేలికి తగులుతాయి. వెనక తడిమి చూశాడు. అవి కొత్త చోటనే తగిలాయి, పాత చోట నున్నగా ఉంది. ముందు పేజీ, తర్వాతి పేజీ రాసినవి రాసినట్టే ఉన్నాయి.

"ఇది మీ దస్తూరీనేనా?" అని ఇంజనీరు గారు అడిగారు.

యాకూబ్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "నాదే" అన్నాడు. ఆ తర్వాత, "నేను గిట్ల రాయలే" అన్నాడు. గుమాస్తా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. ఇంజనీరు గారు పుస్తకం మూసేసి, పాపం పెద్దాయన మతిమరుపు అన్నట్టు నా వైపు చూసి తలాడించారు. నా భుజం మీద చెయ్యి వేసి, లేని తప్పు నెత్తిన వేసుకుని బాధపడుతున్నావు, సెలవు పెట్టి కొన్నాళ్లు ఇంట్లో ఉండు అన్నారు.

బయటికి వచ్చాక యాకూబ్ సాబ్ నాతో ఒకే మాట అన్నాడు. "ముప్పై ఏండ్ల పని నాది. నన్ను అబద్ధాలోన్ని చేసెతందుకు ఈడిదాక తోల్కొచ్చినవా?" పుస్తకం నేనే ఏదో చేశానని ఆయన అనుమానం. ప్రమాణం చేశాను. వినలేదు. రైలు వస్తే నేను ఎక్కించబోయిన పెట్టె ఎక్కకుండా వేరే పెట్టెలోకి నడిచాడు. తర్వాత రెండుసార్లు మానుకోట పోయాను, ఇంట్లోకి రానివ్వలేదు. ఆఖరి రోజుల్లో దారి అడిగినవాళ్లకు కూడా కుడి ఎడమ చెప్పడం మానేశాడని ఆయన బంధువు ఒకాయన చెప్పాడు. అంత నిఖార్సయిన మనిషి తన చేతిని తానే నమ్మలేక పోయాడు.

పుస్తకం తెరిచిన కొన్నాళ్లకే నాకు భూపాలపల్లి అడవి వైపు బదిలీ అయింది. పోయేముందు ఒక్కసారైనా కొమురమ్మను చూసి, నోటితో నిజం చెప్పాలనుకున్నాను. పుస్తకం ఏమన్నా సరే. నేను కళ్లారా చూశాను, నేను అబద్ధమాడాను, ఆ రెండూ ఆమెకు తెలియాలి.

ఆమె మరిపెడలో చెల్లెలి దగ్గర ఉంటోంది. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతోంది. ఒక మధ్యాహ్నం బస్సు దిగి వెతుక్కుంటూ పోయాను. రేకుల షెడ్డు కింద ఎర్రగా గుట్టలు, ముక్కుకు గుడ్డలు కట్టుకుని పది మంది ఆడవాళ్లు. కొమురమ్మ సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి ముందు గుర్తు పట్టలేదు, పట్టాక లేచి కొంగు దులుపుకుంది.

"నక్ష సారు గద. కూసో బిడ్డా, జర నీళ్లు తాగు" అని కుండలోంచి ముంచి ఇచ్చింది.

అవ్వా, నీ బావి సంగతి చెబుదామని వచ్చాను అన్నాను. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"ఎరికే బిడ్డా. మా ఊరి పట్వారి చెప్పి పంపిండు. తుర్కల సారుతోని పుస్తకం తెరిపించి చూసిండ్రంట గద. బాయి పడమట్నే రాసున్నదంట గద."

"అవ్వా..." అన్నాను.

"పుస్తకం అబద్ధమెందుకాడ్తది. నాకే మతి తప్పినట్టున్నది." మిరపకాయల ఘాటుకు ఆమె కళ్లు నీళ్లు కారుతున్నాయి, కొంగుతో తుడుచుకుంది. "గమ్మతి జూడు. ఇప్పుడు యాది జేసుకుంటె నాగ్గూడ పడమట్నే కనవడ్తది. పొద్దూకేటప్పుడు నీళ్లు చేదుతుంటె ఎండ మొకాన కొట్టినట్టు. మా ఆయన అండ్లకెల్లి మన్ను ఎత్తుతుంటె బండ మీద పోసినట్టు. ముందుగాల గట్ల లేకుండె. ఈ యాడాదికెల్లే గిట్ల కనవడ్తాంది."

నా చేతిలో చెంబు అలాగే ఉంది. అలా కనబడడం ఏ నెలలో మొదలైంది, పెట్టెలో పుస్తకం పెట్టి నేను తాళం వేసిన నెలలోనేనా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. మిరప కారం అంటిన చేతులు. "అందరినీ అబద్ధాలోళ్లను చేసిన. నిన్ను గూడ మస్తు పరేషాన్ చేసిన బిడ్డా. ఏమనుకోకు. మనసుల వెట్టుకోకు" అంది.

పుస్తకం ఎలా మారిందో నాకు తెలియదు. ఆ సున్నా ఎడమ నుంచి కుడికి ఎలా పోయిందో, నా బాణం దాని వెంట ఎలా పోయిందో, ఒక మనిషి తలలో ఉన్న బావి దిక్కు ఎలా మారిందో ఎన్నో ఏళ్లుగా ఆలోచిస్తున్నాను, నాకు జవాబు దొరకలేదు. దయ్యం అంటే నేను ఒప్పుకోను. దయ్యమైతే నన్ను పట్టాలి కదా. అదేదో గానీ, అది నా పక్షాన నిలబడింది. నాకు ఉద్యోగం ఇచ్చింది, పెన్షన్ ఇచ్చింది.

తెలిసిన సంగతి ఒకటుంది. ఆ షెడ్డు కింద ఆమె నా చేతులు పట్టుకుని ఉన్నప్పుడు, కాదు అవ్వా, నీ బావి తూర్పునే ఉండేది, నా కళ్లతో చూశాను అని చెప్పడానికి నాకు నోరు ఉంది. చెబితే వినడానికి ఆమె ఉంది. అప్పుడు నన్ను ఏ శక్తీ ఆపలేదు.

"ఏం గాదవ్వా, నేనేమీ అనుకోను" అని చెప్పి, రెండున్నర బస్సుకు జనగామ వచ్చేశాను.